బంగాళాదుంప ధర ఎందుకు ఊగిసలాడుతుంది? పొలం నుంచి కోల్డ్ స్టోరేజీ దాకా ఒక పరిశీలన

2018 జనవరి మొదటి వారంలో ఒక ఉదయం లక్నో నగరం నిద్రలేచేసరికి ఉత్తరప్రదేశ్ శాసనసభ ముందు రోడ్డు మీద బంగాళాదుంపలు కుప్పలుగా పడి ఉన్నాయి. పెట్టుబడి మాట అటుంచి, నిల్వ ఉంచిన ఖర్చు కూడా రాని ధర చూసి కడుపు మండిన రైతులు రాత్రికి రాత్రి వాటిని అక్కడ కుమ్మరించి వెళ్లారు. మూడేళ్లు తిరగకముందే పరిస్థితి తలకిందులైంది. చిల్లర ధర కిలో 40 రూపాయలు దాటడంతో 2020 అక్టోబరు చివర్లో కేంద్ర ప్రభుత్వం 10 లక్షల టన్నుల బంగాళాదుంపను 10 శాతం సుంకంతో దిగుమతి చేసుకోవడానికి అనుమతించింది.

చైనా తర్వాత ప్రపంచంలో అత్యధికంగా బంగాళాదుంప పండించే దేశం మనది. అలాంటి దేశంలో మూడేళ్ల వ్యవధిలో రైతు పంటను పారబోయడమూ, ప్రభుత్వం దిగుమతికి తలుపు తెరవడమూ రెండూ ఎలా జరిగాయి? దళారుల వల్లే అన్న సమాధానం అందరి నోటా సిద్ధంగా ఉంటుంది. అది పూర్తిగా తప్పు కాదు గానీ, ఈ పంట స్వభావాన్ని, విత్తనాన్ని, నిల్వను పక్కనపెట్టి దళారి దగ్గరే ఆగిపోతే అసలు చిక్కుముడి విడిపోదు.

మూడు నెలల పంట, పన్నెండు నెలల వంట

బంగాళాదుంప చల్లదనాన్ని కోరుకునే మొక్క. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల లోపు ఉన్నప్పుడే భూమి లోపల దుంప సరిగా ఊరుతుంది. వేడి పెరిగితే ఆకు ఏపుగా ఎదుగుతుంది తప్ప దుంప పట్టదు. ఐరోపాలో దీన్ని వసంతంలో నాటి, పొడవైన వేసవి పగళ్లలో పెంచుతారు. మన గంగా మైదానంలో అలాంటి చల్లదనం దొరికేది చలికాలంలోనే కాబట్టి అక్టోబరు, నవంబరు నెలల్లో నాటి, జనవరి నుంచి మార్చి లోపు తవ్వేస్తారు. పగలు పొట్టిగా ఉండే ఈ చిన్న కాలానికి ఐరోపా రకాలు సరిపడవు. అందుకే 1949లో పాట్నాలో మొదలై 1956లో సిమ్లాకు తరలిన కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ మన వాతావరణానికి తగిన రకాలను తయారు చేస్తూ వచ్చింది. కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ బహార్, కుఫ్రీ పుఖ్‌రాజ్ వంటి పేర్లలోని కుఫ్రీ, సిమ్లా దగ్గరి ఒక కొండ ఊరు.

దేశంలో ఏటా సుమారు 22, 23 లక్షల హెక్టార్లలో ఈ పంట సాగవుతోంది. 2022-23లో దిగుబడి 6 కోట్ల టన్నులకు చేరింది; మరుసటి ఏడాది సుమారు 5.7 కోట్ల టన్నులకు తగ్గింది. ఇందులో సగానికి పైగా రెండే రాష్ట్రాల వాటా. ఉత్తరప్రదేశ్‌లో ఆగ్రా, ఫిరోజాబాద్, హాథ్రస్, ఫరూఖాబాద్, కన్నౌజ్ జిల్లాలూ, పశ్చిమ బెంగాల్‌లో హుగ్లీ, బర్ధమాన్, బాంకుడా, పశ్చిమ మేదినీపుర్ జిల్లాలూ ఈ సాగుకు పట్టుగొమ్మలు. బిహార్, గుజరాత్, మధ్యప్రదేశ్, పంజాబ్ ఆ తర్వాత వస్తాయి. దక్షిణాదిలో సాగు చెదురుమదురుగానే ఉంది: కర్ణాటకలోని హాసన్‌లో వానాకాలపు పంట, తమిళనాడులో నీలగిరులు, తెలంగాణలో జహీరాబాద్ ప్రాంతం, ఆంధ్రప్రదేశ్‌లో పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాలు. హైదరాబాద్ హోల్‌సేల్ మార్కెట్లో ఆగ్రా సరుకు ఏడాదంతా కనిపించడానికి కారణం ఇదే.

ఏడాది పొడవునా దేశమంతా తినే దుంపలో అత్యధిక భాగం రెండు మూడు నెలల్లో, కొన్ని జిల్లాల్లో భూమి నుంచి బయటికి వస్తుందన్న ఈ ఒక్క వాస్తవం నుంచే మిగతా చిక్కులన్నీ పుట్టుకొస్తాయి.

విత్తనం కూడా దుంపే

వరి, గోధుమ రైతుకు ఎకరానికి కిలోల లెక్కన విత్తనం చాలు. బంగాళాదుంపకు క్వింటాళ్లు కావాలి: ఎకరానికి సుమారు 12 నుంచి 14 క్వింటాళ్లు, అంటే హెక్టారుకు మూడు టన్నులకు పైనే. దేశం మొత్తానికి లెక్కగడితే పండినదానిలో పదో వంతుకు పైగా మళ్లీ మట్టిలోకే పోతుంది. సాగు ఖర్చులో అన్నిటికన్నా పెద్ద పద్దు విత్తనానిదే. క్వింటాలు విత్తనం 1,500 రూపాయలు ఉన్న ఏడాది ఎకరానికి 12 క్వింటాళ్లకు 18 వేలు అవుతాయి. ధర మండిన ఏడాది అదే విత్తనం 3,000కు చేరితే 36 వేలు. తినే దుంప ధర పెరిగిన ఏడాదే విత్తన దుంప ధర కూడా పెరుగుతుంది కాబట్టి, మంచి ధర చూసి ఉత్సాహంగా దిగిన రైతు మొదటి అడుగులోనే ఎక్కువ పెట్టుబడి పెట్టేసి ఉంటాడు.

దుంపనే విత్తనంగా వాడటంలో ఇంకో ప్రమాదం ఉంది. తల్లి దుంపలో వైరస్ ఉంటే పిల్ల దుంపలన్నిటికీ అది వారసత్వంగా వస్తుంది. ఏటా సొంత విత్తనం వాడుకుంటూ పోతే దిగుబడి మెల్లగా కుంగిపోతుంది. ఈ వైరస్‌లను ఒక మొక్క నుంచి మరో మొక్కకు మోసేది పేనుబంక అనే రసం పీల్చే చిన్న పురుగు. ఒకప్పుడు వైరస్ లేని విత్తనం కొండల్లోనే సాధ్యమనుకునేవారు. అయితే మైదానంలోనూ అక్టోబరు నుంచి డిసెంబరు చివరి దాకా పేనుబంక చాలా తక్కువగా ఉంటుందని సిమ్లా సంస్థ శాస్త్రవేత్తలు గమనించి, ఆ చిన్న వ్యవధిని వాడుకునే పద్ధతిని రూపొందించారు. విత్తన మడిలో ఆకుల మీద పేనుబంకను లెక్కిస్తూ ఉంటారు. నూరు ఆకులకు 20 పురుగుల స్థాయికి రాకముందే, సాధారణంగా జనవరి తొలి పక్షంలో, పచ్చగా ఉన్న మొక్కను నేలమట్టానికి కోసేస్తారు. పైన ఆకు లేదు కాబట్టి వైరస్ కిందికి దిగే దారి ఉండదు. మట్టిలోని దుంప తొక్క గట్టిపడే దాకా ఆగి తవ్వుతారు. ఇంకొన్నాళ్లు ఊరాల్సిన పంటను చేతులారా ఆపేయడం చూసేవాళ్లకు వింతగా ఉంటుంది గానీ, పంజాబ్‌లోని జలంధర్ చుట్టుపక్కల విత్తన వ్యాపారం నిలబడింది ఈ క్రమశిక్షణ మీదే.

ఆ విత్తనం హాసన్ దాకా వస్తుంది. విత్తనంలో తేడా వచ్చినా, వానాకాలపు తేమలో ఆకుమాడు తెగులు విరుచుకుపడినా వందల కిలోమీటర్ల దూరంలోని రైతు మునుగుతాడు. అక్కడ సాగు ఏళ్ల తరబడి తగ్గుతూ రావడానికి ఇదొక ముఖ్య కారణం. టిష్యూకల్చర్ మొక్కల నుంచీ, మట్టి లేకుండా వేళ్లకు పోషకాల తుంపర్లు అందించే ఏరోపోనిక్స్ పద్ధతిలోనూ చిన్న విత్తన దుంపలు తయారు చేయడం ఇప్పుడు పెరుగుతోంది. ప్రయోగశాలలో ఎన్ని మొక్కలు పుట్టించినా వాటిని పొలంలో మూడు నాలుగు తరాలు పెంచితే గాని రైతుకు అమ్మేంత విత్తనం కాదు.

కోల్డ్ స్టోరేజీ గుమ్మం దగ్గర లెక్క

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆగ్రా వైపు రోడ్ల మీద బస్తాలతో నిండిన ట్రాక్టర్లు బారులు తీరి కనిపిస్తాయి. పగటి ఎండ ముదిరేలోగా దుంప చల్లని గదిలోకి చేరాలి. దేశంలోని 8 వేలకు పైగా ఉన్న కోల్డ్ స్టోరేజీల సామర్థ్యంలో అత్యధిక భాగం ఈ ఒక్క పంటకే సరిపోతుంది. లోపల ఉష్ణోగ్రత 2 నుంచి 4 డిగ్రీలు, గాలిలో తేమ 90 శాతానికి పైగా ఉంచుతారు. ఆ చలిలో దుంప నిద్రపోయినట్టు ఉండి మొలకెత్తదు. అమ్మకానికి తీసినప్పుడు తడి పట్టిన దుంపను షెడ్డులో నీడన పరిచి, ఆరబెట్టి, కుళ్లినవి ఏరి, సైజుల వారీగా మళ్లీ బస్తాలకు ఎత్తుతారు. నవంబరు చివరికి గదులు ఖాళీ చేయాలి. కొత్త పంటకు ముందు శుభ్రం చేసుకోవాలి గదా.

రైతు ముందున్న ప్రశ్న చాలా సాదా: ఇప్పుడు అమ్మాలా, దాచాలా? తేలికగా లెక్కగట్టడానికి కొన్ని అంకెలను ఊహించుకుందాం. ఒక ఎకరంలో 100 క్వింటాళ్లు పండాయి, ఖర్చు 70 వేలు, అంటే క్వింటాలుకు 700. మార్చిలో పొలం దగ్గర ధర 600. అక్కడికక్కడే అమ్మితే 10 వేల నష్టం. దాచితే క్వింటాలుకు అద్దె 250, బస్తా, రవాణా, కూలి కలిపి 80. మార్చిలో చేతికి రావలసిన 600 మీద ఏడు నెలలకు ఏడాదికి 12 శాతం చొప్పున వడ్డీ 42. పైగా నిల్వలో బరువు 5 శాతం తగ్గుతుంది. 600, 250, 80, 42 కలిపి 972. దాన్ని మిగిలిన 95 కిలోల మీద రాబట్టాలంటే అక్టోబరులో క్వింటాలు 1,023 రూపాయలు పలకాలి. అప్పటికీ అది మార్చిలో నష్టానికి అమ్మినదానితో సమానమే; సాగు ఖర్చు కూడా పూడాలంటే ధర ఇంకా 100 రూపాయలకు పైగా పెరగాలి.

ఇప్పుడు అదే అక్టోబరులో ధర పడిపోయిందనుకుందాం. బస్తా, రవాణా ఖర్చు ఎప్పుడో అయిపోయింది, అద్దె మాత్రం సరుకు తీసేటప్పుడు కట్టాలి. 95 కిలోల సరుకు మీద 250 అద్దె రావాలంటే క్వింటాలు ధర కనీసం 263 ఉండాలి. అంతకన్నా దిగితే సరుకు తీసుకెళ్లడం కన్నా అక్కడే వదిలేయడం రైతుకు లాభం. యజమానికి అద్దె పోతుంది. చాలాచోట్ల అతను రైతుకు ఆ సరుకు హామీ మీద అప్పు కూడా ఇచ్చి ఉంటాడు కాబట్టి అదీ మునుగుతుంది. చివరికి గది ఖాళీ చేయడానికి కూలి ఇచ్చి మరీ దుంపలను బయట పారబోయించాలి. టీవీలో కనిపించే రోడ్డు పక్క కుప్పల వెనుక చాలాసార్లు ఉండేది ఈ 263 రూపాయల గీత వంటిదే.

బెంగాల్‌లో ఇంకో మెలిక ఉంది. అక్కడ కోల్డ్ స్టోరేజీ ఇచ్చే రసీదును బాండ్ అంటారు. దుంప గదిలోంచి కదలకుండానే ఆ బాండ్ చేతులు మారుతుంది. చిన్న రైతు మార్చిలోనే అమ్మేసుకుంటే, ధర పెరిగినప్పటి లాభమూ తగ్గినప్పటి నష్టమూ బాండ్ కొన్నవాడివి. దీన్ని కొందరు కేవలం సట్టా వ్యాపారమంటారు. మరికొందరు, ఏడు నెలలు ఆగే స్తోమత లేని రైతు నుంచి రిస్కును ఎవరో ఒకరు తీసుకోవాలి కదా, దానికి ఒక ధర ఉంటుంది అంటారు. నా దృష్టిలో రెండో వాదనకు బలం ఎక్కువే, కాకపోతే రైతుకు చౌకగా అప్పు దొరికితే ఆ రిస్కును అమ్ముకోక తప్పని పరిస్థితి చాలావరకు తగ్గుతుంది.

కొంచెం తగ్గితే ధర ఎందుకు ఎగిరిపడుతుంది?

బంగాళాదుంప ధర సగానికి పడినంత మాత్రాన ఇంట్లో వారానికి రెండు కిలోలు తినేవాళ్లు నాలుగు కిలోలు తినరు. ధర రెట్టింపైనా కూరలో పూర్తిగా మానేయరు. అందువల్ల సరఫరాలో చిన్న మార్పు ధరలో పెద్ద మార్పుగా బయటపడుతుంది. 2023-24లో ఉత్పత్తి ముందటి ఏడాది కన్నా 5 శాతమే తగ్గింది. 2024 అక్టోబరు నాటికి చిల్లర ద్రవ్యోల్బణ లెక్కల్లో బంగాళాదుంప ధర ఏడాది కిందటితో పోలిస్తే 60 శాతానికి పైగా పెరిగి ఉంది.

దీనికి తోడు రైతు నిర్ణయం. అక్టోబరులో నాటేటప్పుడు అతని ముందున్న సూచిక, ఆ రోజు కోల్డ్ స్టోరేజీ నుంచి బయటికి వస్తున్న పాత పంట ధర ఒక్కటే. అది బాగుంటే అందరూ ఎక్కువ నాటుతారు, మార్చిలో ధర కూలుతుంది; కూలితే మరుసటి ఏడాది తక్కువ నాటుతారు, ధర లేస్తుంది. ఆర్థికశాస్త్రంలో దీనికి సాలెగూడు సిద్ధాంతమని పేరు. నికొలస్ కాల్డర్ 1934లో ఆ పేరు పెట్టాడు. అయితే ఇది గడియారంలా ఏడాదికొకసారి కచ్చితంగా తిరిగే చక్రమేమీ కాదు. పొగమంచు, అకాల వర్షం, ఆకుమాడు తెగులు మధ్యలో వచ్చి లెక్క మార్చేస్తాయి. 2016 చివర్లో పెద్ద నోట్ల రద్దు వల్ల మార్కెట్లో నగదు ఎండిపోయి, 2017 ధరల పతనం ఇంకా లోతుగా దిగింది.

ఇక దళారుల సంగతి. రిజర్వు బ్యాంకు 2024లో వెలువరించిన అధ్యయన పత్రం ప్రకారం వినియోగదారు పెట్టే రూపాయిలో రైతుకు అందేది టమాటాలో 33 పైసలు, ఉల్లిలో 36, బంగాళాదుంపలో 37. మిగిలిన 63 పైసలూ దళారుల లాభమని చదవడం తేలిక, కానీ అందులో ఏడు నెలల అద్దె, లారీ కిరాయి, తరుగు, వడ్డీ, చిల్లర వ్యాపారి దగ్గర కుళ్లిపోయేది కూడా ఉన్నాయి. అలాగని అంతా న్యాయమైన ఖర్చేనని చెప్పడమూ కుదరదు. కొనుగోలుదారులు కొద్దిమందే ఉన్న మార్కెట్లలో, కమీషన్ ఏజెంటు దగ్గర ముందే అప్పు తీసుకున్న రైతుకు బేరమాడే సత్తువ ఉండదు.

చిప్స్ దుంప వేరు, కూర దుంప వేరు

పంట ఎక్కువైతే చిప్స్ ఫ్యాక్టరీలకు పంపవచ్చు గదా అన్న ప్రశ్న తరచూ వినిపిస్తుంది. దుంపను 2, 3 డిగ్రీల చలిలో ఉంచితే అందులోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. కోల్డ్ స్టోరేజీ దుంప కూరలో తియ్యగా తగిలేది అందుకే. ఆ చక్కెర నూనెలో వేగినప్పుడు నల్లబడి చేదెక్కుతుంది. చిప్స్‌కు పొడిపదార్థం (నీరు పోగా మిగిలేది) 20 శాతం దాటి, చక్కెర చాలా తక్కువ ఉండే రకాలు కావాలి. వాటిని 10, 12 డిగ్రీల దగ్గర మొలక రాకుండా మందు పట్టించి నిల్వ చేయాలి. దేశంలో అత్యంత విస్తారంగా సాగయ్యే కుఫ్రీ పుఖ్‌రాజ్ తొందరగా చేతికొస్తుంది, బాగా పండుతుంది, కానీ నీరు ఎక్కువ. వేపుడు పరిశ్రమకు పనికిరాదు. అందుకోసమే 1998లో కుఫ్రీ చిప్సోనా రకాలు విడుదలయ్యాయి.

మొత్తం పంటలో పరిశ్రమకు పోయేది పది శాతం లోపే. ఆ కొద్దిపాటి వ్యాపారం మాత్రం గుజరాత్‌లో వేగంగా పెరిగింది. బనాస్‌కాంఠా జిల్లా డీసా చుట్టూ ఇసుక నేలల్లో బిందు, తుంపర సేద్యంతో పండించిన దుంప దగ్గర్లోని కర్మాగారాలకు చేరుతుంది. ఒకప్పుడు ఫ్రెంచ్ ఫ్రైస్ దిగుమతి చేసుకున్న మన దేశం 2023-24లో లక్ష టన్నులకు పైగా ఎగుమతి చేసింది. ఇక్కడి సాగులో ఎక్కువ భాగం ఒప్పందం మీద నడుస్తుంది. ఒప్పంద ధర కిలో 12 రూపాయలనుకుందాం. మార్కెట్ ధర 6కు పడితే రైతు గట్టెక్కుతాడు, అయితే అలాంటి ఏడాదిలో సైజు బాగోలేదనీ పచ్చబడిందనీ తిరస్కరించే సరుకు పెరుగుతుందన్నది రైతు సంఘాల ఫిర్యాదు. ధర 20కి వెళితే సరుకు బయటికి జారిపోతుందన్నది కంపెనీల ఫిర్యాదు. ఊగిసలాట తప్పలేదు, నష్టం ఎవరి మీద పడాలన్న తగువు మాత్రం ముందే కాగితం మీదికి వచ్చింది.

కంపెనీకీ రైతులకూ మధ్య తగువు కోర్టు దాకా వెళ్లిన సందర్భమూ ఉంది. పెప్సికో సంస్థ తన చిప్స్ కోసం వాడే ఎఫ్.ఎల్. 2027 అనే రకాన్ని 2016లో మన దేశంలో రిజిస్టరు చేయించుకుంది. ఆ రకాన్ని అనుమతి లేకుండా పండించారంటూ 2019లో గుజరాత్ రైతులపై కోటి రూపాయలకు పైగా పరిహారం కోరుతూ దావా వేసి, దేశవ్యాప్తంగా నిరసన రావడంతో ఉపసంహరించుకుంది. మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం 2001లోని 39వ సెక్షన్ రైతుకు విత్తనం దాచుకునే, నాటుకునే, మార్చుకునే, బ్రాండు పేరు లేకుండా అమ్ముకునే హక్కు ఇస్తుంది. రైతు హక్కుల కార్యకర్త కవితా కురుగంటి వేసిన దరఖాస్తుపై సంబంధిత ప్రాధికార సంస్థ 2021 డిసెంబరులో ఆ రిజిస్ట్రేషన్‌ను రద్దు చేసింది. 2023 జులైలో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం రద్దును సమర్థించగా, 2024 జనవరిలో ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పును పక్కనపెట్టింది. రిజిస్ట్రేషన్ ఉన్నా 39వ సెక్షన్ రైతు హక్కు అలాగే ఉంటుంది.

ప్రభుత్వం చేతిలో ఉన్న మార్గాలు, వాటి పరిమితులు

బంగాళాదుంపకు కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించదు. కావాలనేవారు వరి, గోధుమ రైతుకున్న భరోసా ఈ రైతుకు ఎందుకు లేదని అడుగుతారు. వద్దనేవారు, కొన్న బియ్యాన్ని గోదాములో పెట్టి రేషన్‌లో ఇవ్వవచ్చు, నవంబరు కల్లా ఖాళీ చేయాల్సిన దుంపను ఏం చేస్తారని తిరిగి అడుగుతారు. ధర బాగా పడినప్పుడు మార్కెట్ జోక్య పథకం కింద కొనుగోలు చేసే వీలుంది. 2017లో ఉత్తరప్రదేశ్‌లో క్వింటాలు 487 రూపాయలకు లక్ష టన్నులు కొంటామన్నారు. అప్పట్లో ఆ రాష్ట్ర పంట కోటిన్నర టన్నుల చుట్టూ ఉండేది కాబట్టి లక్ష్యం పూర్తిగా నెరవేరినా అది ఒక శాతం లోపే.

హర్యానా 2018లో మరో దారి పట్టింది. సరుకు కొనకుండా, మార్కెట్ ధర నిర్ణీత ధర కన్నా తగ్గితే తేడాను నమోదైన రైతు ఖాతాలో వేసే భావాంతర్ పథకం అది. గోదాము బెడద లేకపోవడం దీని బలం. తేడా ప్రభుత్వం కడుతుందని తెలిసి వ్యాపారులు ధర ఇంకా దించవచ్చన్నది, నమోదు కాని కౌలు రైతు మిగిలిపోతాడన్నది దీని మీద విమర్శ. టమాటా, ఉల్లి, బంగాళాదుంపల కోసం 2018-19 బడ్జెట్‌లో 500 కోట్లతో ప్రకటించిన ఆపరేషన్ గ్రీన్స్ నిల్వ, రవాణా ఖర్చులకు రాయితీ ఇచ్చే ప్రయత్నం.

ధర పెరిగినప్పుడు వాడే ఆయుధాలు వేరు. నిత్యావసర సరుకుల చట్టం కింద నిల్వ పరిమితులు విధించవచ్చు. అయితే ఏడు నెలలు నిల్వ ఉంటే తప్ప తినడానికి దొరకని పంటలో అక్రమ నిల్వనూ అవసరమైన నిల్వనూ విడదీయడం కష్టం. పశ్చిమ బెంగాల్ 2014లోనూ, మళ్లీ 2024లోనూ తన దుంప ఇతర రాష్ట్రాలకు పోకుండా సరిహద్దుల్లో లారీలను ఆపింది. సొంత వినియోగదారుకు ముందు అందాలన్నది ఆ ప్రభుత్వ వాదన. బయటి మార్కెట్ మూతపడితే కోల్డ్ స్టోరేజీ గుమ్మం దగ్గర ధర పడుతుందని, ఆ నష్టం తమదేనని వ్యాపారులూ రైతులూ అన్నారు. 2024 జులైలో వ్యాపారులు సమ్మెకు దిగారు. దెబ్బ ఎక్కువగా తగిలింది ఒడిశాకు. 2014 అనుభవం తర్వాత ఆ రాష్ట్రం 2015లో సొంతంగా పండించుకోవడానికి బంగాళాదుంప మిషన్ మొదలుపెట్టింది గానీ, నాణ్యమైన విత్తనమూ, పంటను దాచే కోల్డ్ స్టోరేజీలూ చాలినంత లేక అది లక్ష్యం దరిదాపులకు రాలేదు. పదేళ్ల తర్వాత బెంగాల్ సరిహద్దులో లారీలు మళ్లీ ఆగినప్పుడు ఒడిశా వ్యాపారులు ఉత్తరప్రదేశ్ వైపు తిరిగి, దూరం వల్ల పెరిగిన కిరాయిని ధరలో కలిపి అమ్మారు.